లినక్స్ కంప్యూటర్‌కి యూఎస్‌బీ స్కానర్: ఏ దారి ఎవరికి నప్పుతుంది?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 పడని కంప్యూటర్‌ని పారెయ్యడం ఇష్టం లేక విండోస్ బదులు లినక్స్ (మింటో, ఉబుంటూనో) వేయించుకున్నవాళ్ళు మన బెజవాడలో, గుంటూరులో బాగానే కనిపిస్తున్నారు. బ్రౌజర్, ఉత్తరాలు, లెక్కలు, ప్రింటింగ్ వరకూ పెద్ద ఇబ్బంది ఉండదు. బండి ఆగేది స్కానర్ దగ్గర. కేబుల్ పెడతారు, లైటు వెలుగుతుంది, స్కాన్ చేసే ప్రోగ్రాం మాత్రం స్కానర్ ఏదీ కనబడలేదంటుంది.

సలహాలకేం, బోలెడు. కంపెనీ డ్రైవర్ (స్కానర్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్) దింపుకోమంటాడొకడు. లినక్స్ లోపలే ఇంకో సిస్టమ్‌ని నడిపే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ పెట్టుకోమంటాడు ఇంకొకడు. ఆ డొక్కు స్కానర్‌ని వదిలించుకుని కొత్తది కొనుక్కో బాబాయ్ అంటాడు మూడోవాడు. ముగ్గురూ ఏదో ఒక స్కానర్ విషయంలో నిజమే చెబుతున్నారు. మీ స్కానర్‌కి, మీ పనికి ఏది వర్తిస్తుందో తేల్చుకోవడానికే ఈ పోలిక.

ముందు మోడల్ నంబరు

"కేనన్ స్కానర్ అండీ" అంటే ఏమీ చెప్పనట్టే. కేనన్ లైడ్ 25కి ఒక డ్రైవర్, లైడ్ 110కి ఇంకొకటి, లైడ్ 300కి మరొకటి. పైకి మూడూ ఒకే తీరు పలకల్లా ఉంటాయి, లోపలి చిప్‌లు వేరు.

కేబుల్ పెట్టి టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరవండి. ఎల్, ఎస్, యు, ఎస్, బి అక్షరాలు చిన్నబడిలో కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. కంప్యూటర్‌కి తగిలించి ఉన్న యూఎస్‌బీ వస్తువులన్నీ వరసగా వస్తాయి. స్కానర్ వరసలో "ఐడీ 04ఏ9:1909" లాంటిది ఒకటి ఉంటుంది. రెండు చుక్కలకు ముందున్నది కంపెనీ నంబరు, తరవాతది మోడల్‌ది. 04ఏ9 కేనన్, 03ఎఫ్0 హెచ్‌పీ, 04బీ8 ఎప్సన్, 04ఎఫ్9 బ్రదర్. కేనన్‌లో 1909 అంటే లైడ్ 110. మూత మీద స్టిక్కర్ చెరిగిపోయినా ఈ నంబరు అబద్ధం చెప్పదు. ఒక చీటీ మీద రాసుకోండి, ఇక్కడినుంచి అన్నిటికీ ఇదే ఆధారం.

అసలు ఆ వరసే రాకపోతే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్ళకండి. అది కేబులో, పోర్టో, అడాప్టరో. లైడ్ రకం స్కానర్లకు కరెంటు కూడా యూఎస్‌బీ నుంచే వెళ్ళాలి. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం ఒక పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. సొంత అడాప్టర్ లేని హబ్‌కి మౌసు, పెన్‌డ్రైవ్, కీబోర్డుతోపాటు స్కానర్ కూడా తగిలిస్తే అది సగంలో ఆగిపోవడం వింతేమీ కాదు. సీపీయూ వెనక పోర్టుకి నేరుగా పెట్టి చూడండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే ఒకసారి తిరగేసి చూడండి. చాలా మోడళ్ళకు అడుగున తాళం బొమ్మతో చిన్న మీట ఉంటుంది. రవాణాలో లోపలి కడ్డీ కదలకుండా వేసే లాక్ అది. అది వేసే ఉంటే స్కానర్ గరగరమని ఆగిపోతుంది, జనం డ్రైవర్‌ని తిడుతూ కూర్చుంటారు.

వరస వచ్చిందనుకుందాం. ఇంకో రెండు కమాండ్లు ఉన్నాయి. సేన్, ఫైండ్, స్కానర్ అనే మూడు మాటల్నీ అడ్డగీతలతో కలిపి (sane-find-scanner) కొడితే స్కానర్ లాంటి వస్తువు తగిలించి ఉందో లేదో చెబుతుంది. స్కాన్‌ఇమేజ్ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, పెద్ద ఎల్ (scanimage -L) పెడితే దానికి పనిచేసే డ్రైవర్ ఉందో లేదో చెబుతుంది. రెండిట్లోనూ కనిపిస్తే పని అయిపోయింది. మొదటిదాంట్లో కనిపించి రెండోదాంట్లో కనిపించకపోతే, రెండో కమాండ్‌నే ముందు సుడో (అడ్మిన్ హక్కుతో నడిపించే మాట) చేర్చి మళ్ళీ కొట్టండి. అప్పుడు కనిపించిందంటే డ్రైవర్ ఉంది, మీ యూజర్‌కి అనుమతి లేదు. ఉబుంటు, మింట్, డెబియన్‌లలో మీ యూజర్‌ని స్కానర్ అనే గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అయితే చాలావరకు తీరిపోతుంది. సుడోతో కూడా రాలేదా, అప్పుడు కింది దారుల్లో ఒకటి ఎంచుకోవాలి.

దేన్నిబట్టి ఎంచుకోవాలి

అందరూ "పనిచేస్తుందా లేదా" అనే అడుగుతారు. నన్నడిగితే అంతకంటే ముఖ్యమైన ప్రశ్న, వచ్చే ఏడు సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసినప్పుడు దీన్ని మళ్ళీ ఎవరు నిలబెడతారు అన్నది. సిస్టమ్‌తోపాటు వచ్చే డ్రైవర్ సిస్టమ్‌తోపాటే మారుతుంది. బయటినుంచి మీరు తెచ్చి పెట్టిన ప్రతిదాని బాగోగులూ మీరే చూసుకోవాలి. ఆ పని చేయగలిగిన మనిషి ఇంట్లోనో షాపులోనో ఉంటే ఏ దారైనా ఫర్వాలేదు. లేకపోతే, తక్కువ నాణ్యత వచ్చినా సరే, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేని దారే మంచిదని నా లెక్క.

రెండోది కాగితం. రోజుకి రెండు ఆధార్ కార్డులా, యాభై పేజీల ఫైలా, పాత పుస్తకమా, నాన్నగారి కాలం నాటి దస్తావేజులా? ఇంటి స్కానర్ల అద్దం దాదాపు అన్నిటికీ ఏ4 సైజే. లీగల్ కాగితం 14 అంగుళాల పొడవు, ఏ4 12 అంగుళాలు కూడా ఉండదు. ఈ తేడా ఏ డ్రైవర్‌తోనూ పోదు.

మూడోది కంప్యూటర్ బలం. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల లెక్కన) ఒక ఏ4 రంగు పేజీ కుదించకముందు 26 ఎంబీ దాకా ఉంటుంది. 600 చేస్తే దానికి నాలుగింతలు. బూడిదరంగులో తీస్తే మూడో వంతు. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో పేజీలు తీయడం వరకూ ఇబ్బంది లేదు కానీ, దాని మీద ఇంకో విండోస్‌ని కూడా నడిపించాలంటే అది వేరే సంగతి.

| దారి | ఖర్చు | మొదటిసారి శ్రమ | అప్‌గ్రేడ్ తరవాత |
|---|---|---|---|
| సిస్టమ్‌లోనే ఉన్న సేన్ డ్రైవర్ | లేదు | చాలా తక్కువ | సాధారణంగా ఏమీ చేయక్కర్లేదు |
| డ్రైవర్ అక్కర్లేని ఈఎస్‌సీఎల్ పద్ధతి | లేదు | తక్కువ | ఏమీ చేయక్కర్లేదు |
| కంపెనీ ఇచ్చే లినక్స్ డ్రైవర్ | లేదు | ఓ మోస్తరు | మళ్ళీ వేయాల్సి రావచ్చు |
| వ్యూస్కాన్ (కొనుక్కునే స్కానింగ్ ప్రోగ్రాం) | డబ్బు పెట్టాలి | తక్కువ | కొత్త వెర్షన్ దింపుకోవాలి |
| వర్చువల్‌బాక్స్‌లో విండోస్ | విండోస్ లైసెన్స్ | ఎక్కువ | అప్పుడప్పుడు మొరాయిస్తుంది |
| స్కానర్‌నే మార్చడం | కొత్త స్కానర్ ధర | చాలా తక్కువ | ఏమీ చేయక్కర్లేదు |

సిస్టమ్‌లోనే ఉన్న డ్రైవర్: సేన్

విండోస్‌లో స్కానర్‌కీ ప్రోగ్రాంలకీ మధ్య నిలబడే ట్వెయిన్ ఎలాగో లినక్స్‌లో సేన్ అలాగ. ఇందులో రెండు భాగాలు. స్కానర్‌తో మాట్లాడేది బ్యాకెండ్, మీకు బటన్లు చూపించేది ఫ్రంటెండ్. సింపుల్ స్కాన్, ఎక్స్‌సేన్, స్కాన్‌లైట్, జీస్కాన్2పీడీఎఫ్ అన్నీ ఫ్రంటెండ్‌లే. అందుకే ఒకదాంట్లో స్కానర్ కనబడకపోతే ఇంకోటి, ఇంకోటి అంటూ ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోవడం వృథా. కింద బ్యాకెండ్ లేకపోతే పైన ఎన్ని పెట్టినా అదే జవాబు.

సేన్ ప్రాజెక్టు ప్రతి మోడల్‌కీ ఒక గ్రేడు ఇస్తుంది: కంప్లీట్, గుడ్, బేసిక్, మినిమల్, అన్‌టెస్టెడ్, అన్‌సపోర్టెడ్. మీ చీటీ మీద నంబరు తీసుకుని ఆ జాబితాలో వెతకండి. మొదటి రెండిట్లో ఏదైనా ఉంటే మిగతా వ్యాసం చదవక్కర్లేదు. అన్‌సపోర్టెడ్ అని ఉంటే ఈ దారిలో రాత్రంతా కూర్చోకండి.

మన దగ్గర ఎక్కువగా కనిపించే కేనన్ లైడ్ వరసకి ఇదే సరైన దారి. లైడ్ 20, 25, 30 ప్లస్‌టెక్ బ్యాకెండ్‌తో నడుస్తాయి. 110, 120, 210, 220 జెనిసిస్‌తో. 300, 400లకు పిక్స్‌మా బ్యాకెండ్ కావాలి, అది 2019లో వచ్చిన సేన్ 1.0.28 నుంచీ వీటిని పడుతుంది. ఉబుంటు 20.04లోనే అంతకంటే కొత్తది ఉంది కాబట్టి ఈమధ్య వేయించుకున్న ఏ సిస్టమ్‌లోనైనా ఇబ్బంది ఉండదు. కొత్త విండోస్‌లో డ్రైవర్ దొరక్క అటక మీదికి చేరిన పాత స్కానర్ లినక్స్‌లో బుద్ధిగా పనిచేయడం కూడా చూస్తుంటాం. వాటిని అమ్మే ముందు ఒకసారి తగిలించి చూడండి.

చిక్కు ఒకటుంది. మస్టెక్ బేర్‌పా లాంటి కొన్ని పాత స్కానర్లు ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ ఫైలు (స్కానర్ లోపల నడిచే ప్రోగ్రాం) అడుగుతాయి. డ్రైవర్ ఉంటుంది, ఆ ఫైలుని పంచే హక్కు లేక లినక్స్ వాళ్ళు ఇవ్వరు. పాత విండోస్ సీడీలోంచి దాన్ని తీసి సరైన ఫోల్డర్‌లో పెట్టాలి. సీడీ దాచుకుని ఉంటే అరగంట పని. పారేసి ఉంటే ఆ స్కానర్ కోసం మరీ వెంపర్లాడకండి.

డ్రైవర్ అక్కర్లేని పద్ధతి

ఈమధ్య ఏళ్ళలో వచ్చిన ఆల్-ఇన్-వన్‌లు (ప్రింటర్, స్కానర్ కలిసినవి) చాలావాటికి ఫోన్ నుంచి స్కాన్ చేసే సౌకర్యం ఉంటుంది. దాని వెనకున్న భాష ఈఎస్‌సీఎల్, యాపిల్ వాళ్ళు ఎయిర్‌స్కాన్ అనేది ఇదే. లినక్స్‌లో సేన్-ఎయిర్‌స్కాన్ అనే ప్యాకేజీకి ఈ భాష వచ్చు. మెషీన్ వైఫైలో కాకుండా యూఎస్‌బీతో ఉంటే ఐపీపీ-యూఎస్‌బీ అనే ఇంకో ప్యాకేజీ మధ్యలో నిలబడి, కేబుల్‌తో ఉన్నదాన్నే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు చూపిస్తుంది. డెబియన్‌లో 2021లో వచ్చిన 11వ వెర్షన్ నుంచీ రెండూ ఉన్నాయి, ఇప్పటి ఉబుంటు, మింట్‌లలోనూ ఉన్నాయి.

మీ దగ్గరున్నది కొత్త ఆల్-ఇన్-వన్ అయితే కంపెనీ డ్రైవర్ దింపే ముందు ఇదొకసారి చూడాల్సిందే. పనిచేస్తే దీని అంత హాయి ఇంకేదీ లేదు. కంపెనీ ఆ మోడల్‌ని మర్చిపోయినా మీకు నష్టం లేదు. పాత పలక స్కానర్లకు మాత్రం ఈ భాష రాదు.

ఒకే జాగ్రత్త: ఐపీపీ-యూఎస్‌బీ ఒక మెషీన్‌ని పట్టుకున్నాక కంపెనీ డ్రైవర్ అదే కేబుల్ మీద దాన్ని అందుకోలేదు. రెండూ ఇన్‌స్టాల్ చేసి, నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ ఆగిపోయిందని తల పట్టుకునేవాళ్ళలో చాలామంది సమస్య ఇదే. ఏదో ఒకటి ఉంచండి.

కంపెనీ ఇచ్చే డ్రైవర్

మూడు కంపెనీలు, మూడు తీర్లు.

హెచ్‌పీది హెచ్‌ప్లిప్. సిస్టమ్‌లోనే వస్తుంది, కానీ కొన్ని మోడళ్ళకు దాంతోపాటు ఒక మూసిన ప్లగిన్ దింపుకోవాలి. జిరాక్స్ షాపుల్లో కనిపించే లేజర్‌జెట్ ఎం1136 అలాంటిదే. హెచ్‌పీ-ప్లగిన్ అనే కమాండ్ కొడితే అదే దింపుకుంటుంది, పెద్ద విద్యేమీ కాదు. మెలిక ఏమిటంటే ప్లగిన్ వెర్షన్, హెచ్‌ప్లిప్ వెర్షన్ అచ్చంగా ఒకటే ఉండాలి. సిస్టమ్ అప్‌గ్రేడ్‌లో హెచ్‌ప్లిప్ మారిందా, ప్లగిన్ మళ్ళీ దింపాలి. అది తెలిసినవాళ్ళకి అయిదు నిమిషాల పని. తెలియని షాపులో ఆ పూట గిరాకీ పోయినట్టే.

ఎప్సన్ వాళ్ళు ఎప్సన్ స్కాన్ 2ని లినక్స్‌కి కూడా ఇస్తున్నారు. ఇంకు ట్యాంకుల ఎల్ సిరీస్ ఆల్-ఇన్-వన్‌లకు, పర్ఫెక్షన్ వీ39 లాంటి పలకలకు ఇది దారి. మీ సిస్టమ్‌కి తగ్గ డెబ్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీ దింపుకుని, జిప్‌లో ఉన్న ఇన్‌స్టాల్ స్క్రిప్టు నడిపితే సరిపోతుంది. తెర విండోస్‌లో ఉన్నట్టే ఉంటుంది, అలవాటైన గుమస్తాకి మళ్ళీ నేర్పక్కర్లేదు. కంపెనీ డ్రైవర్లలో నాకు తక్కువ టెన్షన్ పెట్టేది ఇదే.

బ్రదర్ వాళ్ళది బీఆర్‌స్కాన్. బీఆర్‌స్కాన్4, బీఆర్‌స్కాన్5 అంటూ తరాలున్నాయి, మీ మోడల్‌కి ఏదో చూసి అదే వేయాలి. మామూలు ఇంటెల్, ఏఎండీ కంప్యూటర్లకైతే బాగానే పనిచేస్తుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు మీద స్కాన్ సర్వర్ పెడదామనుకునేవాళ్ళు బ్రదర్ కొనేముందు ఆగి ఆలోచించాలి, ఈ డ్రైవర్లు ఎక్కువగా ఇంటెల్ రకం ప్రాసెసర్లకే తయారుచేసినవి.

వ్యూస్కాన్

హామ్రిక్ సాఫ్ట్‌వేర్ వాళ్ళది, 1998 నుంచీ ఉంది. దీని ప్రత్యేకత, వేలకొద్దీ స్కానర్లకు సొంతంగా రాసుకున్న డ్రైవర్లు. సేన్ జాబితాలో అన్‌సపోర్టెడ్ అని ఉన్నది కూడా ఇందులో పనిచేయొచ్చు. కొనకముందే ఉచితంగా దింపి చూసుకోవచ్చు, వచ్చే బొమ్మల మీద వాటర్‌మార్క్ ఉంటుంది అంతే. ట్రయల్‌లో మీ స్కానర్ మెల్లగానైనా పూర్తి పేజీ తీసిందంటే కొన్నాక కూడా తీస్తుంది.

డాలర్లలో ధర, అంతర్జాతీయ చెల్లింపులు జరిగే కార్డు కావాలి. రోజుకి రెండు సర్టిఫికెట్లు తీసే ఇంటికి ఇది దండగ, ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే పలక స్కానరే వస్తుంది. కానీ పాత నెగటివ్‌లు, స్లైడ్‌లు తీసే ఫిల్మ్ స్కానర్ ఉన్న ఫొటో స్టూడియోకి మాత్రం నేను మొదట చెప్పేది ఇదే. నెగటివ్ రంగులు తిప్పడం, వెలిసిన రంగుల్ని లేపడం, ఇన్‌ఫ్రారెడ్ ఉన్న స్కానర్‌లో దుమ్ము చుక్కలు తీసెయ్యడం ఒకేచోట దొరుకుతాయి.

వర్చువల్‌బాక్స్‌లో విండోస్

పాత స్కానర్, పాత విండోస్ డ్రైవర్, లినక్స్ లోపల కిటికీలో పాత విండోస్. వినడానికి భలేగా ఉంటుంది. వర్చువల్‌బాక్స్ 7.0 నుంచీ యూఎస్‌బీ 2.0, 3.0 మద్దతు అసలు ప్యాకేజీలోనే ఉంది, అంతకుముందు ఎక్స్‌టెన్షన్ ప్యాక్ విడిగా వేయాల్సి వచ్చేది. మీ యూజర్‌ని వీబాక్స్‌యూజర్స్ గ్రూపులో చేర్చి, స్కానర్‌ని లోపలి విండోస్‌కి అప్పగించాలి. గ్రూపు సంగతి మర్చిపోతే యూఎస్‌బీ జాబితా ఖాళీగా కనిపిస్తుంది.

ఈ దారి తప్పనివాళ్ళు కొందరున్నారు. ఖరీదైన ప్రత్యేక స్కానర్, దానికి విండోస్ సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉంది, అలాంటివాళ్ళు పెట్టుకోవచ్చు. మిగతావాళ్ళు ఒక్కసారి ఆలోచించండి: విండోస్ బరువు మోయలేదనే కదా ఆ కంప్యూటర్‌లో లినక్స్ వేయించింది. ఇప్పుడు దాని నెత్తినే లినక్స్‌తోపాటు విండోస్ కూడా పెడితే, ఒక పేజీ స్కాన్ చేయడానికి ముందు అది లేచేదాకా టీ తాగి రావాలి. 8 జీబీ ర్యామ్ లేనిదే నేనైతే ఎవరికీ చెప్పను. పాత విండోస్ పెడితే దానికి నెట్ కనెక్షన్ ఇవ్వకండి, షేర్డ్ ఫోల్డర్ ఒక్కటి చాలు.

మరి ఎవరికి ఏది?

*ప్లీడరు గుమస్తాకి.* గుంటూరు, విజయవాడ కోర్టుల చుట్టూ ఉన్న ఆఫీసుల్లో పని కష్టమంతా కాగితం పొడవులోనే ఉంటుంది. పాత దస్తావేజు, స్టాంపు పేపరు ఏ4 అద్దం మీద పట్టవు. రెండు ముక్కలుగా తీసి అతికించొచ్చు కానీ, అడుగున సంతకాలు, పక్కన సీళ్ళు ఉన్నచోట అతుకు పడితే చూసేవాడికి అనుమానం రాకపోదు. ఇలాంటిచోట లీగల్ సైజు తీసుకునే ఫీడర్ (కాగితాల్ని తనే లోపలికి లాక్కునేది) ఉన్న ఆల్-ఇన్-వన్ కావాలి. అదీ ఈఎస్‌సీఎల్ మాట్లాడేదైతే ఇంకేం కావాలి. ఫీడర్ ఉంది కదా అని పీలికలైపోతున్న 1950ల నాటి కాగితాన్ని రోలర్లలోకి తోయకండి. అలాంటివి పలక మీదే, మూత బరువు పడకుండా, అవసరమైతే రెండు ముక్కలుగానే. అంటే ఈ ఆఫీసుకి ఫీడరూ కావాలి, అద్దమూ కావాలి. ఫీడర్ మాత్రమే ఉండే నిలువు స్కానర్ చూడ్డానికి వేగంగా ఉన్నా ఇక్కడ నప్పదు.

కొనేముందు మీ సిస్టమ్‌లో ఆ మోడల్ ఫీడర్ కూడా పనిచేస్తుందో లేదో విడిగా చూడాలి. కొన్ని మోడళ్ళకు లినక్స్‌లో అద్దం పనిచేసి ఫీడర్, రెండువైపులా తీయడం దగ్గర తేడా వస్తుంది. జాబితాలో గ్రేడు పక్కన ఉండే చిన్న గమనికలు చదివేది ఇందుకే.

*జిరాక్స్, డీటీపీ షాపుకి.* బ్రాడీపేటలోనో గవర్నర్‌పేటలోనో డీటీపీ చేసేవాళ్ళకి 'అను' తెలుగు ఫాంట్లు, వాటి కీబోర్డు సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ మెషీన్ ఒకటి ఎలాగూ ఉండాల్సిందే. అలాంటప్పుడు మొండి స్కానర్‌ని లినక్స్‌లో నిలబెట్టాలని పంతం దేనికి? దాన్ని ఆ విండోస్ మెషీన్‌కే ఉంచి, స్కాన్లు పడే ఫోల్డర్‌ని కౌంటర్ దగ్గరి లినక్స్ మెషీన్‌కి షేర్ చేసుకోండి. అన్నీ లినక్సే అయితే సేన్‌లోనే సేన్డ్ అనే సర్వర్ ఉంది, 6566 పోర్టు మీద ఒక మెషీన్‌లోని స్కానర్‌ని మిగతా లినక్స్ మెషీన్లకు ఇస్తుంది. షాపుకి వేగం ముఖ్యం. ఆధార్, మార్కుల లిస్టు లాంటివాటికి 200 డీపీఐ బూడిదరంగు సరిపోతుంది, అప్లికేషన్ సైట్లు అడిగే కేబీల లెక్కలోకి దిగడమూ తేలికవుతుంది. 600లో తీసి తరవాత కుదించడంలో టైమూ వృథా, అక్షరాలూ పాడే.

*పాత తెలుగు పుస్తకాలు దాచుకునేవాళ్ళకి.* లైడ్ లాంటి పలచటి స్కానర్లలో ఉండేది సీఐఎస్ అనే రకం సెన్సార్. అద్దానికి అంటుకున్న కాగితాన్నే అది స్పష్టంగా చూస్తుంది. మందపాటి బైండు పుస్తకంలో మధ్య మడత దగ్గర కాగితం కాస్త లేచిందా, అక్షరాలు మసకబారతాయి. సీసీడీ అనే ఇంకో రకం సెన్సార్ ఉన్న ఎత్తయిన పాత స్కానర్లు ఈ విషయంలో మెరుగు, వాటికి బరువెక్కువ, విడిగా అడాప్టర్ కావాలి. కాబట్టి ఇంట్లో సీసీడీ స్కానర్ మూలన పడి ఉండి, దానికి సేన్‌లో మంచి గ్రేడు ఉంటే కొత్త లైడ్ కోసం దాన్ని వదులుకోకండి. అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చడానికి టెసరాక్ట్ అనే ప్రోగ్రాంకి తెలుగు డేటా విడిగా వేసుకోవాలి, ఇంగ్లిష్ ఒక్కటే ఉంటే తెలుగు పేజీకి చెత్త వస్తుంది. 300 డీపీఐలో తీయండి. శుభ్రమైన ఈ కాలపు అచ్చుకి బాగా చదువుతుంది. అచ్చు అరిగిన పాత సీసం అక్షరాల్లో వత్తుల దగ్గర తడబడుతుంది, దిద్దడానికి మనిషి కూర్చోవాల్సిందే.

*ఇంటికి, చదువుకునే పిల్లలకి.* నెలకి నాలుగు కాగితాలైతే ఫోన్ చాలు. గూగుల్ డ్రైవ్‌లోనే స్కాన్ ఉంది. క్యామ్‌స్కానర్ సంగతి గుర్తుండే ఉంటుంది, 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఒకటి. సర్టిఫికెట్లు ఒరిజినల్ రంగుల్లో, అంచులు వంకర లేకుండా కావాలంటే మాత్రం పలక స్కానర్‌కి సాటి లేదు.

మార్చెయ్యాలని తేలితే

సేన్ జాబితాలో లేదు, ఈఎస్‌సీఎల్ రాదు, కంపెనీ లినక్స్ ఊసే ఎత్తలేదు. ఆ మూడూ తేలాక వారం రోజులు కుస్తీ పట్టేకంటే మార్చడమే చవక. మామూలు ఏ4 పలకే చాలనుకుంటే లైడ్ 300 కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. విడిగా కరెంటు వైరు ఉండదు, డ్రైవర్ వేయక్కర్లేదు. లైడ్ 400కి రిజల్యూషన్ ఎక్కువ, 4800 డీపీఐ దాకా వెళ్తుంది, కానీ కాగితాలకు 300 దాటి వాడేది లేదు కాబట్టి ఫొటోల పని ఉంటేనే అటు చూడండి.

షాపువాళ్ళని "లినక్స్‌లో పనిచేస్తుందా?" అని అడిగితే వచ్చే జవాబు తెలిసిందే: "సీడీ ఇస్తాం సార్, ఏ కంప్యూటర్‌కైనా పడుద్ది." ఆ సీడీ విండోస్‌ది. అడగడం మానేసి, మింట్ లేదా ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి తయారుచేసి జేబులో పెట్టుకెళ్ళండి. డెమో పీస్ ఉంటే, వాళ్ళ కంప్యూటర్‌నో మీ ల్యాప్‌టాప్‌నో ఆ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి, కేబుల్ తగిలించి, ఒక పేజీ తీసి చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది కాబట్టి ఏమీ ఇన్‌స్టాల్ కాదు, వాళ్ళ విండోస్‌కి ఏమీ కాదు. అక్కడ సింపుల్ స్కాన్‌లో పేజీ వచ్చిందంటే ఇంట్లోనూ వస్తుంది. ఒప్పుకోని షాపులో కొనకపోతే సరి. ఇక బిల్లు మీద "కేనన్ స్కానర్" అని ఊరుకోకుండా మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాయించుకోండి. తిరిగి మార్చుకోవాల్సి వస్తే మాటకు మాట పెరగకుండా ఉంటుంది.